మూత్రంలో మంట: చలవ పదార్థాలు చేయగలిగినది, చేయలేనిది

మూత్రానికి వెళ్లినప్పుడు చురుక్కుమని మంట పుట్టడం, బొట్లుబొట్లుగా పదేపదే వెళ్లవలసి రావడం, వెళ్లివచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో బరువుగా ఉండడం, ఈ బాధలన్నిటినీ కలిపి ‘వేడి చేసింది’ అనే ఒక్క మాటతో చెప్పుకోవడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. ఆ మాట వినబడగానే బార్లీ నీళ్లు కాస్తారు, మజ్జిగ పలచగా చిలుకుతారు, సబ్జా గింజలు నానబెడతారు, ధనియాలు మరిగిస్తారు, వీలైతే కొబ్బరి బోండం తెప్పిస్తారు. ఈ చలవ పదార్థాలలో నిజమైన మేలు ఉంది. అయితే ఆ మేలు ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియకపోవడం వల్ల, నాలుగైదు రోజుల వైద్యంతో పోవలసిన జబ్బు కొందరిలో మూత్రపిండాల దాకా పాకి, ఆసుపత్రి మంచం ఎక్కిస్తున్నది.

వేడి అనే మాట కింద నిజానికి రెండు వేర్వేరు స్థితులు దాగి ఉన్నాయి. ఎండలో పనిచేసి, చెమట ధారగా కారి, తగినన్ని నీళ్లు తాగనప్పుడు మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులోకి మారుతుంది. చిక్కబడిన ఆ మూత్రం తగిలినచోట మంట పుట్టించవచ్చు. ఇందులో సూక్ష్మజీవి ప్రమేయం లేదు కనుక కడుపునిండా నీళ్లు తాగిన కొద్ది గంటల్లోనే మూత్రం తేటపడి, మంట తగ్గిపోతుంది. రెండో స్థితి మూత్రమార్గంలో సూక్ష్మజీవులు చేరి పెరగడం వల్ల వచ్చే వ్యాధి. దీనినే వాడుకలో యూరిన్ ఇన్ఫెక్షన్ అంటున్నారు. మొదటిదానికి ఇచ్చిన బార్లీ నీళ్లు గుణమివ్వడం చూసి, రెండోదానికీ అవే చాలునని నమ్మడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ఈ ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగానికి కారణం ఎషెరిషియా కోలై అనే బ్యాక్టీరియా. థియోడర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు 1885లో పసిపిల్లల మలంలో దీనిని గుర్తించి వివరించగా, తరువాత ఆయన పేరే దీనికి స్థిరపడింది. మనిషి పేగుల్లో ఏ హానీ చేయకుండా బతికే ఈ జీవి, మలద్వారం నుంచి చర్మం మీదుగా జరిగి, మూత్రం బయటికి వచ్చే గొట్టమైన ప్రసేకంలోకి చేరినప్పుడు శత్రువవుతుంది. స్త్రీలలో ఆ గొట్టం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే కాగా పురుషులలో అది 20 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. స్త్రీలకు ఈ బాధ అంత ఎక్కువగా రావడానికి ముఖ్యకారణం ఈ శరీర నిర్మాణమేగాని, చాలామంది లోలోపల కుమిలిపోతున్నట్టు వారి అశుభ్రత కాదు. బ్యాక్టీరియా ఒంటి మీద వెంట్రుకల్లాంటి సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొసలలోని కొక్కేల వంటి భాగాలు మూత్రాశయపు లోపలి పొరను పట్టుకుంటాయి కాబట్టి మూత్రం ఎంత వేగంగా పారినా కొన్ని జీవులు అక్కడే అంటిపెట్టుకుని ఉండిపోతాయి. అనుకూలమైన పరిస్థితులలో దాదాపు ప్రతి 20 నిమిషాలకూ ఒకటి రెండుగా చీలగల ఈ జీవికి, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకున్న మూత్రాశయం ఎంత అనుకూలమైన చోటో ఊహించుకోవచ్చు.

శరీరానికి ఉన్న సహజమైన రక్షణ కూడా ఇక్కడే ఉంది: తరచుగా, ధారాళంగా, మూత్రాశయం పూర్తిగా ఖాళీ అయ్యేటట్టు మూత్రం పోవడం. నీటి విలువను ఈ విషయంలో శాస్త్రీయంగా తూచి చూసిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. ఏడాదిలో మూడుసార్లో అంతకు మించో ఈ ఇన్ఫెక్షన్‌తో బాధపడి, రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగుతున్న 140 మంది స్త్రీలను బల్గేరియాలో రెండు జట్లుగా విభజించి, ఒక జట్టువారిని రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగమన్నారు, రెండో జట్టువారిని అలవాటు ప్రకారమే ఉండమన్నారు. ఏడాది తిరిగేసరికి అలవాటు మార్చని వారికి సగటున 3.2 సార్లు ఇన్ఫెక్షన్ రాగా, అదనంగా నీళ్లు తాగిన వారికి 1.7 సార్లే వచ్చింది. ఖర్చులేని ఒక అలవాటు జబ్బును దాదాపు సగానికి తగ్గించిందంటే అది చిన్న విషయం కాదు. ఇది రాకుండా చూసుకునే మార్గమేనని, వచ్చిన ఇన్ఫెక్షన్‌ను నీళ్లు నయం చేసినట్టు ఆ అధ్యయనం చెప్పలేదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ వెలుగులో చూస్తే వంటింటి వైద్యాలలో అధికభాగం ఒకే మందుకు వేర్వేరు రూపాలని తెలుస్తుంది. రెండు చెంచాల బార్లీ గింజలను కడిగి, లీటరు నీటిలో వేసి, గింజ పగిలి మెత్తబడే దాకా సన్నని సెగమీద ఉడికించి, పైకి తేరిన పలచని జావను వడకట్టి, చల్లారాక కాస్త మజ్జిగో నిమ్మరసమో కలిపి తాగిస్తారు. ఆ గ్లాసులో బార్లీ సారం కొద్దిగానే ఉంటుంది, మిగిలినదంతా నీరే. మజ్జిగ తేటలోను, ధనియాల నీటిలోను, కొబ్బరి నీళ్లలోను పనిచేసేది ప్రధానంగా నీరే. ఒట్టి నీళ్లు గ్లాసెడు తాగడానికి మొరాయించే మనిషి కూడా కమ్మని బార్లీ జావ మూడు గ్లాసులు తాగగలడు గనుక ఈ పద్ధతిని కనిపెట్టిన పెద్దల తెలివికి గౌరవం దక్కవలసిందే. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి కొబ్బరి నీళ్లలోని పొటాషియం ప్రమాదకరం కావచ్చు. గుండె బలహీనపడి కాళ్లు వాచేవారికి, నీటి కొలత వైద్యుడు నిర్ణయించినవారికి అడ్డూ అదుపూ లేకుండా నీళ్లు తాగడమే హాని.

ఆయుర్వేదం ఈ బాధను మూత్రకృచ్ఛ్రం, అంటే మూత్రం కష్టంగా వెడలడం అని పిలిచింది. చరక, సుశ్రుత సంహితలు రెండూ దానిని 8 రకాలుగా విభజించాయి. దర్భ, రెల్లు, చెరకు మొదలైన గడ్డిజాతి మొక్కల వేళ్లతో చేసే తృణపంచమూల కషాయం, పొలం గట్ల మీద అరికాళ్లలో గుచ్చుకునే పల్లేరు కాయల కషాయం ఆ సంప్రదాయంలో ప్రసిద్ధమైనవి. పల్లెల్లో మరొక మొక్కను కూడా వాడతారు, అది ఏనుగు పల్లేరు. దాని పచ్చి కొమ్మను గ్లాసు నీటిలో ముంచి కాసేపు తిప్పితే, చూస్తూ ఉండగానే నీళ్లు కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా చిక్కబడతాయి. ఆ నీటిని తాగితే మంట చల్లారుతుందని నమ్మకం. ఈ మూలికలలో కొన్ని మూత్రాన్ని జారీ చేస్తాయనడానికి ఆధారాలు ఉన్నా, పరీక్షలో నిర్ధారణ అయిన ఇన్ఫెక్షన్‌ను అవి నయం చేస్తాయని తేల్చిన పెద్ద ప్రయోగాలు లేవు. వీటిని వాడదలచినవారు అర్హతగల ఆయుర్వేద వైద్యుని చేతి మీదుగా వాడడం, గర్భిణులు వాడకపోవడం మంచిది.

ఇటీవలి కాలంలో క్రాన్‌బెర్రీ రసమూ మాత్రలూ మన మందుల షాపుల్లోకి వచ్చాయి. ఉత్తర అమెరికాలోని చిత్తడి నేలల్లో పండే ఈ ఎర్రని పుల్లని పండులో, బ్యాక్టీరియా కొక్కేలు మూత్రాశయపు పొరను పట్టుకోకుండా అడ్డుపడే ఒక రకమైన వగరు పదార్థం ఉంది. 50 అధ్యయనాలలోని 8,857 మంది వివరాలను కలిపి కాక్రేన్ సంస్థ 2023లో చేసిన సమీక్షలో, ఇన్ఫెక్షన్ పదేపదే వచ్చే స్త్రీలకు మళ్లీ వచ్చే ముప్పు క్రాన్‌బెర్రీ వల్ల సుమారు 26 శాతం తగ్గినట్టు తేలింది. గర్భిణులలోను, సంరక్షణ కేంద్రాలలో ఉన్న వృద్ధులలోను ఆ మేలు కనబడలేదు. ఇది కూడా నివారణకు సంబంధించిన మాటే. ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటుంది: పప్పులోను పచ్చడిలోను వేసుకునే వాక్కాయను కొందరు ఇండియన్ క్రాన్‌బెర్రీ అని అమ్ముతున్నారు. రంగూ పులుపూ కలిసినా వాక్కాయ పూర్తిగా వేరే కుటుంబానికి చెందిన మొక్క కనుక క్రాన్‌బెర్రీ మీద జరిగిన పరిశోధన ఫలితాలను దానికి అంటగట్టడం తప్పు. చక్కెర దట్టించిన క్రాన్‌బెర్రీ పానీయాలు మధుమేహం ఉన్నవారికి మేలు కంటే కీడే చేస్తాయి. డి-మన్నోజ్ అనే చక్కెర జాతి పొడికి కూడా ఎంతో ప్రచారం జరిగింది. బ్రిటన్‌లో 598 మంది స్త్రీల మీద జరిపి 2024లో ప్రకటించిన ప్రయోగంలో అది ఉత్తుత్తి పొడి కంటే చెప్పుకోదగిన మేలు చేయలేదని తేలింది.

ఇంటి వైద్యానికి ఇంత పేరు రావడం వెనుక మరొక కారణం కూడా ఉంది. ఆరోగ్యవంతులైన స్త్రీలలో మూత్రాశయానికి పరిమితమైన ఇన్ఫెక్షన్ కొన్నిసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. 2015లో ప్రకటితమైన జర్మనీ ప్రయోగంలో సగంమందికి యాంటీబయాటిక్‌ను, సగంమందికి నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్‌ను ఇవ్వగా, రెండో జట్టులో మూడింట రెండు వంతుల మంది యాంటీబయాటిక్ అవసరం లేకుండానే కోలుకున్నారు. ఇలా దానంతట అదే తగ్గే రోజుల్లో ఏది తాగితే దానికే పేరు వస్తుంది. అదే ప్రయోగంలో ఐబుప్రొఫెన్ జట్టువారు ఎక్కువ బాధపడ్డారు, మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పాకిన వారి సంఖ్య కూడా ఆ జట్టులోనే కొంత ఎక్కువగా కనబడింది. ఎవరికి తగ్గుతుందో, ఎవరికి పైకి పాకుతుందో ముందుగా చెప్పగలిగే గుర్తు ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.

కొన్ని పద్ధతులను మానుకోవడమే మేలు. వంట సోడా కలిపిన నీళ్లు తాగితే దానిలోని సోడియం రక్తపోటు ఉన్నవారికి ముప్పు తెస్తుంది. డెట్టాల్ వంటి ద్రావణాలతో, ఘాటైన సబ్బులతో లోపలి భాగాన్ని కడిగితే అక్కడ కాపలా కాసే మంచి బ్యాక్టీరియా నశించి ఇన్ఫెక్షన్‌కు దారి ఏర్పడుతుంది. అన్నిటికంటే హాని చేసేది, కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలనో పక్కింటివారి చీటీలోని మందునో రెండు రోజులు మింగి, మంట తగ్గగానే ఆపేయడం. మన దేశంలో ఆసుపత్రులలో దొరుకుతున్న ఎషెరిషియా కోలైలో ఎక్కువ భాగం సిప్రోఫ్లాక్సాసిన్ వంటి ఒకనాటి నమ్మకమైన మందులకు లొంగడం లేదంటే, ఇటువంటి అరకొర వాడకానికి అందులో పెద్ద పాలుంది.

జబ్బును నిర్ధారించే పరీక్ష సులువైనదే, అయితే నమూనా సరిగా పట్టడం మీదనే దాని విలువ ఆధారపడి ఉంటుంది. ముందుగా ఆ భాగాన్ని మంచినీళ్లతో కడుక్కొని, మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, ధార ఆగకుండా మధ్యలో వచ్చే మూత్రాన్ని మాత్రం ఆసుపత్రివారిచ్చిన శుభ్రమైన డబ్బాలో, లోపలి అంచుకు వేలు తగలకుండా పట్టి, చివరిదాన్ని మళ్లీ వదిలేయాలి. డబ్బాను ఆలస్యం చేయకుండా ల్యాబుకు చేర్చాలి, లేకపోతే దారిలోనే బ్యాక్టీరియా పెరిగి లెక్క తప్పుతుంది. దానిని కల్చర్ చేస్తే, అంటే బ్యాక్టీరియాను పెంచి చూస్తే, ఏ జీవి ఉన్నదీ, ఏ మందుకు లొంగుతున్నదీ రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. సాధారణ ఇన్ఫెక్షన్‌కు వైద్యులు రాసే నైట్రోఫ్యూరాంటోయిన్ వాడకం చాలావరకు 5 రోజులు, ఫాస్ఫోమైసిన్ అయితే ఒకే ఒక్క మోతాదు. మందు పడుతున్న ఆ రోజుల్లో బార్లీ నీళ్లు, మజ్జిగ నిస్సంకోచంగా తాగవచ్చు, ఉపశమనం ఇస్తాయి కూడా.

చలితో జ్వరం రావడం, నడుముకు ఒక పక్క పైభాగంలో నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యానికి చోటు లేదు. ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, పురుషులు, మధుమేహం ఉన్నవారు, మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మంట ఒక్కటే కనబడినా వేచి చూడకూడదు. గర్భిణులలో ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉన్నా వైద్యం అవసరమవుతుంది కనుకనే గర్భం తొలినెలల్లో మూత్రపరీక్ష చేయించమంటారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే, హార్మోను తగ్గడం వల్ల పలచబడిన లోపలి పొరకు వైద్యులు ఇచ్చే ఈస్ట్రోజెన్ పూత మందు ఎంతో మేలు చేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు, తెలిసినా అడగడానికి సిగ్గుపడతారు.

చివరికి విషయం మళ్లీ నీటి దగ్గరకే వస్తుంది. పత్తి చేలలో, మిరప చేలలో రోజంతా వంగి పనిచేసే కూలీ స్త్రీ, బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడే అమ్మాయి, దూరప్రయాణపు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ, తలుపుకు గడియ లేని మరుగుదొడ్డి ఉన్న బడిలో చదివే ఆడపిల్ల, వీళ్లంతా నీళ్లు తాగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. తాగితే వెళ్లడానికి చోటు లేకపోవడం. బార్లీ నీళ్ల గుణాలు వారికి బోధించే ముందు ఆ చోటు చూపించవలసిన బాధ్యత యజమానులది, ప్రధానోపాధ్యాయులది, పంచాయతీలది, ప్రభుత్వాలది. బడికి వెళ్లే ఆడపిల్ల ఉన్న ప్రతి తల్లీ తండ్రీ ఈ సాయంత్రం ఆమె నీళ్ల సీసాను ఒకసారి తీసి చూడాలి. ఉదయం నింపి పంపిన నీళ్లు అలాగే ఉంటే కారణం అడగాలి, రేపు బడికి వెళ్లి ఆ మరుగుదొడ్డిని స్వయంగా చూసి రావాలి.