ఇరవై తొమ్మిదేళ్ల కొలువు

1995 ప్రాంతంలో సొంత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించుకోవాలనుకున్నవాళ్లు ముందుగా వెతికి పట్టుకోవలసింది మానిటర్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం. తెర మీద కిటికీలు, బొమ్మలు రావాలంటే ఆ మానిటర్ సెకనుకు ఎన్ని అడ్డగీతలు గీయగలదో, తెర మొత్తాన్ని ఎన్నిసార్లు నింపగలదో అందులో చూసి, ఆ అంకెల్ని ఒక టెక్స్ట్ ఫైలులో చేత్తో టైపు చేయాలి. తప్పుడు అంకె వేస్తే మానిటరే పాడైపోవచ్చని కిటికీలు గీసే సాఫ్ట్‌వేర్ పత్రాలే హెచ్చరించేవి.

అది ఒక్క ఫైలు సంగతి. లినక్స్ కూడా చెందిన యూనిక్స్ కుటుంబంలో యంత్రానికి సంబంధించిన అమరికలు దాదాపు అన్నీ ఇలాంటి టెక్స్ట్ ఫైళ్లే. ఎక్కువ భాగం 'ఈటీసీ' అనే డైరెక్టరీలో ఉంటాయి. ఏ ఎడిటర్‌తోనైనా తెరిచి చదవొచ్చు, దిద్దొచ్చు. గొప్ప సదుపాయమే, కానీ ఒక్కో ఫైలుది ఒక్కో వ్యాకరణం. వాడుకదారుల జాబితాలో మనిషికో వరుస, అందులో కోలన్లతో విడదీసిన ఏడు గడులు. డిస్కుల పట్టికలో ఆరు గడులు, వాటి మధ్య కోలన్లకు బదులు ఖాళీలు. ఇక మెయిల్ పంచే సెండ్‌మెయిల్ ఫైలు గురించి చెప్పనే అక్కర్లేదు. పండిపోయిన అడ్మిన్లు కూడా దాన్ని నేరుగా ముట్టుకోవడానికి జంకేవాళ్లు.

ఈ ఫైళ్లను మనిషికి బదులు ఒక ప్రోగ్రామే రాసిపెడితే బాగుంటుంది కదా! ఆ మాత్రం ఊహ ఎవరికైనా తడుతుంది. కానీ ప్రోగ్రామ్ రాసిన ఫైలునే రేపు మనిషి కూడా తెరిచి దిద్దితే? యాస్ట్ అనే పనిముట్టు జీవితంలో పెద్ద భాగం ఈ రెండో ప్రశ్నతోనే గడిచింది.

జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రాంతంలో 1992లో నలుగురు కుర్రాళ్లు సూసె అనే కంపెనీ పెట్టారు. రోలాండ్ డైరాఫ్, థామస్ ఫేర్, హ్యూబర్ట్ మాంటెల్, బుర్ఖార్డ్ స్టైన్‌బిల్డ్. అప్పట్లో వాళ్ల సరుకు ఇతరుల లినక్సే. ఎస్‌ఎల్‌ఎస్, స్లాక్‌వేర్ అనే కూర్పులను ఫ్లాపీల మీదికెక్కించి అమ్మేవాళ్లు. 1994లో స్లాక్‌వేర్‌కు జర్మన్ రూపం తెచ్చారు. జూరిక్స్ అనే మరో కూర్పును తయారుచేసిన ఫ్లోరియన్ లా రోష్ వాళ్లతో చేరాక, దాని పునాది మీద 1996 మేలో తమదంటూ ఒక లినక్స్‌ను విడుదల చేశారు. దానికి 4.2 అని అంకె వేశారు. డగ్లస్ ఆడమ్స్ నవలలో సమస్త ప్రశ్నలకూ జవాబు 42 కదా, అదీ చమత్కారం. ఆ 4.2తోనే యాస్ట్ బయటికొచ్చింది. పేరుకు అర్థం 'మరో సెటప్ పనిముట్టు' అని మాత్రమే. యూనిక్స్ లోకంలో ఇలా తమ పనిని తామే తగ్గించి పేరు పెట్టుకోవడం ఒక పాత సరదా.

నీలం తెర మీద మెనూలు, బాణపు గుర్తుల మీటలతో కదలిక, ఎంటర్ నొక్కితే పని. డిస్కు విభజన, ప్యాకేజీల ఎంపిక, నెట్‌వర్క్, ప్రింటర్ అన్నీ అక్కడే. పైకి కనిపించే ఈ మెనూల కంటే కింద జరిగే పనే ఆసక్తికరం. యాస్ట్ మనం చెప్పినవాటిలో చాలావాటిని ముందు 'ఆర్‌సీ కాన్ఫిగ్' అనే ఒకే ఒక్క ఫైలులో రాసేది. ఒక్కో అమరికకు ఒక పేరు, సమానం గుర్తు, ఒక విలువ. తర్వాత సూసెకాన్ఫిగ్ అనే స్క్రిప్టు ఆ పేర్లను, విలువలను చదివి, అసలు ఫైళ్లను దేని వ్యాకరణంలో దాన్ని తయారుచేసేది. భయపెట్టే ఆ సెండ్‌మెయిల్ ఫైలు కూడా నాలుగైదు విలువల నుంచి పుట్టుకొచ్చేది.

చిక్కు ఇక్కడే మొదలైంది. అర్ధరాత్రి మెయిల్ ఆగిపోతే అడ్మిన్ యాస్ట్ తెరవడు. నేరుగా అసలు ఫైలు తెరిచి ఒక వరుస మార్చి పడుకుంటాడు. మర్నాడు ఇంకెవరో యాస్ట్‌లో ప్రింటర్ కలిపితే సూసెకాన్ఫిగ్ మళ్లీ నడుస్తుంది. రాత్రి దిద్దిన వరుస గల్లంతు కావాలి. ఒకే చిట్టాలో ఒకరికొకరు చెప్పుకోకుండా ఇద్దరు గుమాస్తాలు పద్దులు రాస్తున్న పరిస్థితి.

సూసె వాళ్లు దీనికి ఒక ఉపాయం చేశారు. స్క్రిప్టు ఫైలు రాసిన ప్రతిసారీ అందులోని అక్షరాలన్నిటి నుంచి ఎండీ5 పద్ధతిలో ఒక గుర్తుసంఖ్యను లెక్కగట్టి దాచుకునేది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. తర్వాతిసారి సంఖ్య కలవకపోతే ఎవరో మనిషి చెయ్యి పెట్టాడని అర్థం. అప్పుడు స్క్రిప్టు ఆ ఫైలు జోలికి పోదు. తను రాయాలనుకున్నదాన్ని పక్కనే, చివర తన పేరు తగిలించిన మరో ఫైలులో పెట్టి, చూసుకోమని ఒక సందేశం ఇస్తుంది.

మనిషి మాటకే పెద్దపీట వేసిన పద్ధతి ఇది. నా లెక్కలో మర్యాదస్థుడి పని. అయినా దానికి మంచిపేరు రాలేదు. ఆ సందేశాలను చదివేదెవరు? యాస్ట్‌లో మార్చినా యంత్రంలో ఏమీ మారడం లేదేమిటని కొందరు తలపట్టుకునేవాళ్లు. ఆర్‌సీ కాన్ఫిగ్‌ను చేత్తో మార్చి, స్క్రిప్టు నడపడం మరిచిపోయి మరికొందరు తిట్టుకునేవాళ్లు. 2002లో వచ్చిన సూసె 8.0తో ఆ పెద్ద ఫైలు పోయి, దాని బదులు ఒక డైరెక్టరీ నిండా చిన్న ఫైళ్లు వచ్చాయి. సూసెకాన్ఫిగ్ మరో దశాబ్దం ఈడ్చి, నెమ్మదిగా కనుమరుగైంది.

ఈ తగవు సూసెకే పరిమితం కాదు. ఐబీఎం వారి ఏఐఎక్స్‌లో స్మిట్ అనే పనిముట్టు ఉండేది. పని నడుస్తున్నంతసేపూ తెర మీద ఒక చిన్న మనిషి పరిగెడుతుంటాడు, పని చెడితే బోర్లా పడతాడు. నవ్వొచ్చే ఆ బొమ్మ వెనక ఒక తెలివి ఉంది. తను ఏ కమాండు నడపబోతోందో స్మిట్ ముందే చూపించేది, నడిపినవన్నీ ఒక ఫైలులో రాసిపెట్టేది. మెనూ నొక్కినవాడు అలా కమాండు కూడా నేర్చుకునేవాడు. యాస్ట్ ఈ ఒక్క గుణం అలవరచుకుని ఉంటే అడ్మిన్లతో సగం పేచీ తప్పేదని నాకనిపిస్తుంది.

ఇంకో పేచీ లైసెన్సుది. లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరిదీ. దాన్ని ఎక్కించే యాస్ట్ మాత్రం అప్పట్లో కాదు. మూలం చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఉచితంగా పంచొచ్చు. డబ్బుకు అమ్మాలంటే మాత్రం సూసె అనుమతి కావాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులకు ఇది మింగుడుపడలేదు. కంపెనీ వైపు నుంచి చూస్తే, మిగతాదంతా ఎవరైనా కాపీ చేసుకోగలిగినప్పుడు తన సొంతమని చెప్పుకోవడానికి మిగిలింది యాస్టే. అమెరికా కంపెనీ నోవెల్ 21 కోట్ల డాలర్లకు సూసెను కొన్నాక, 2004 మార్చిలో యాస్ట్‌ను జీపీఎల్ కిందకు తెచ్చింది.

ఈలోగా 1999లోనే యాస్ట్‌ను కొత్తగా తిరగరాశారు. ఈ రెండో యాస్ట్‌లో మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. ఒక్కో పనికి విడిగా ఉండే మాడ్యూల్‌ను రాసేవాడు 'ఇక్కడొక జాబితా, దాని కింద ఒక బటన్' అని మాత్రమే చెబుతాడు. దాన్ని రంగుల కిటికీగా గీయడమా, అక్షరాల పెట్టెలుగా గీయడమా అన్నది నడిచే చోటును బట్టి తేలుతుంది. గ్రాఫిక్స్ ఉంటే ఆ పని క్యూటీ అనే లైబ్రరీది, లేకపోతే ఎన్‌కర్సెస్‌ది. సూసె మొదటి ఎంటర్‌ప్రైజ్ సర్వర్ 2000 అక్టోబరులో విడుదలైంది ఐబీఎం ఎస్/390 మెయిన్‌ఫ్రేమ్ కోసం. అలాంటి యంత్రానికి మనం ఎదురుగా కూర్చునే తెర అంటూ ఉండదు, దూరం నుంచి నెట్‌వర్క్ గుండా టెర్మినల్‌తో చేరాలి. బల్ల మీది కంప్యూటర్లో కనిపించే పట్టికలే అక్కడా కనిపించడం చిన్న విషయం కాదు.

ఆ మాడ్యూళ్లన్నీ వైసీపీ అనే భాషలో రాశారు. యాస్ట్ కోసమే పుట్టిన భాష, బయట ఇంకెక్కడా పనికిరాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు ముందు ఆ భాష నేర్చుకోవాలి, నేర్చుకున్నది మరోచోట అక్కరకు రాదు. 2013లో ఒక అనువాద ప్రోగ్రామ్ రాసి, వైసీపీ కోడ్ మొత్తాన్ని యంత్రంతోనే రూబీలోకి మార్చేశారు. ఓపెన్‌సూసె 13.1లో అది వచ్చింది. పని ఆగలేదు, కానీ కోడ్ అందం పోయింది. ఎందుకంటే వైసీపీలో విలువ లేని దానికి అంకె కలిపితే విలువ లేదనే జవాబొస్తుంది. రూబీ అయితే తప్పని ఆగిపోతుంది. ఆ తేడా కాపాడటానికి అనువాదకం మామూలు కూడికను కూడా 'ఆప్స్' అనే సహాయకానికి అప్పజెప్పింది. చూడటానికి రూబీ, చదివితే వైసీపీ. వాటిని ఏరి శుభ్రం చేయడం ఏళ్ల తరబడి సాగింది.

ప్యాకేజీల వైపు కథ వేరు. 2006లో నోవెల్ తన ప్యాకేజీ నిర్వహణ పద్ధతిని యాస్ట్‌తో అతికించి విడుదల చేసిన సూసె 10.1 బాగా అభాసుపాలైంది. రెండేళ్లకు, ఏ ప్యాకేజీకి ఏది కావాలన్న ముడిని తర్కశాస్త్రపు సమీకరణాలుగా మార్చి విప్పే ఇంజను వచ్చింది. లిబ్‌సాల్వ్‌గా స్థిరపడిన ఆ ఇంజను ఇప్పుడు రెడ్ హ్యాట్ వాళ్ల ఫెడోరాలో ప్యాకేజీలు చూసే డీఎన్‌ఎఫ్‌కు కూడా ఆధారం.

యాస్ట్‌ను చివరికి వెనక్కి నెట్టింది దాని లోపాలు కాదు. ఒకే యంత్రం ముందు కూర్చుని అమరికలు చేసే మనిషే అరుదైపోయాడు. వందల సర్వర్లకు ఒకేసారి ఆదేశాలిచ్చే సాల్ట్, ఆన్సిబుల్ లాంటివి వచ్చాయి. ఇటు సిస్టమ్‌డీ, నెట్‌వర్క్‌మేనేజర్ లాంటి సేవలు తమ అమరికలను తామే చూసుకుంటూ, అడిగినవాళ్లకు స్థితి చెప్పడం మొదలుపెట్టాయి. బ్రౌజరులో తెరుచుకునే కాక్‌పిట్ ఆ సేవలతోనే మాట్లాడుతుంది, సొంత చిట్టా పెట్టుకోదు. టెర్మినల్లో ఒక సేవను ఆపితే వెంటనే కాక్‌పిట్ పేజీలోనూ ఆగినట్టు కనిపిస్తుంది. ఆర్‌సీ కాన్ఫిగ్ రోజుల తగవుకు ఇక్కడ చోటే లేదు.

2025 అక్టోబరులో వచ్చిన ఓపెన్‌సూసె లీప్ 16లో యాస్ట్ లేదు. నిర్వహణకు కాక్‌పిట్, ప్యాకేజీలకు మిర్లిన్, ఎక్కించడానికి అగామా పెట్టారు. సర్వర్లు ఎవరూ కూర్చోకుండానే తమంతట తాము ఎక్కేందుకు ఆటోయాస్ట్ కోసం కంపెనీలు రాసిపెట్టుకున్న ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను మాత్రం పారేయక్కర్లేదు. వాటిలో చాలా భాగాన్ని అగామా చదువుకుంటుంది.