పోటీ ముగిసిన మరునాడు

టెలివిజనులో పాటల పోటీ చివరి రాత్రి ఎట్లుండునో ఎరుగనివారు నేడు అరుదు. దీపములు, చప్పట్లు, తల్లిదండ్రుల కన్నీరు, ఆపైన గెలిచినవారి పేరు. ఆ మరునాడు గాయకుడు ఏమి పాడును? ఎవరు పాడింతురు? రామగుండము, గోదావరిఖని వంటి బొగ్గుబాయిల ఊళ్లలో మంచి గొంతు గల బిడ్డలను పోటీలకు పంపదలచిన వారు ముందుగా అడుగవలసిన ప్రశ్న యిది.

మొదట ఒక భేదము చెప్పుదుము. ఆకాశవాణి స్వరపరీక్షలో గాయకుని ముఖము చూడక, కంఠము మాత్రమే విని శ్రేణి నిర్ణయింతురు. ఆ శ్రేణి ఆర్భాటము లేనిది. కాని కార్యక్రమములకు అదియే ఆధారము. టెలివిజను పోటీలో న్యాయనిర్ణేతలు కొందరిని ఏరిన పిమ్మట ప్రేక్షకులు టెలిఫోను ద్వారా ఓటు వేయుదురు. ఓటు వేయువారు గొంతుతోపాటు ముఖమును, మాటతీరును, ఊరును, భాషను గూడ తూచుదురు. అది తప్పని మేమనము. అయితే ఆ ఓటు ఆ రాత్రికే చెల్లును.

శ్రీరామచంద్ర గారు 2010 ఆగస్టు 15న ఇండియన్ ఐడల్ అయిదవ పోటీలో గెలిచిరి. ఆ హిందీ పోటీలో విజయము పొందిన తొలి తెలుగువారు వారే. 2013లో ‘యే జవానీ హై దీవానీ’ అను హిందీ చిత్రమునకు పాడిరి. తెలుగు చిత్రములలో నటించిరి. 2022లో తెలుగు ఇండియన్ ఐడల్ తొలి పోటీకి వ్యాఖ్యాతయైరి. గెలిచినవారే క్రొత్తవారిని సభకు పరిచయము చేసిరన్నమాట! శ్రీకాకుళమునకు చెందిన రేవంత్ గారు 2017లో అదే హిందీ పోటీలో గెలిచిరి. కాని వారు అంతకు రెండేండ్ల ముందే ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడియుండిరి. బిరుదు వారికి పనిని పుట్టింపలేదు. ఉన్న పనిపై వెలుగు ప్రసరించినది.

ఇక గోదావరిఖనిలో పుట్టిన మధుప్రియ గారి సంగతి. వారి త్రోవ వేరు. సింగరేణి ప్రాంతమున బాయి గేటు వద్ద కార్మికుల సభ జరిగినచో ప్రసంగమునకు ముందు పాట వినబడుట పరిపాటి. మైకు సరిగా పలుకకున్నను చివరివరుసకు వినబడవలెను గదా! జానపదుల గొంతులకు అక్కడ విలువ హెచ్చు. మధుప్రియ గారు చిన్నతనముననే ‘ఆడపిల్లనమ్మా’ అను పాటతో తెలంగాణ మంతటను ఎరుకపడిరి. టెలివిజను పోటీ వేదిక పిమ్మట వచ్చిన మజిలీ. 2017లో బిగ్‌బాస్ తెలుగు తొలి పర్యాయములోను పాల్గొని కొద్ది వారములకే వెలుపలికి వచ్చిరి.

అదే సంవత్సరము ‘ఫిదా’ చిత్రమున రామ్‌కీ గారితో కలిసి ‘వచ్చిండే’ పాడిరి. రచన సుద్దాల అశోక్‌తేజ గారిది, సంగీతము శక్తికాంత్ కార్తీక్ గారిది. ఈ ఒక్క మాటపై కొంచెము నిలువవలెను. సినిమా పాటలలో నాయిక చిరకాలము ‘వచ్చాడే’ అనియే పాడినది. ‘వచ్చిండే’ యనునది తెలంగాణపు ఇంటిమాట. దానిని నేర్చుకొని పలుకువారు కొందరు, పుట్టుకతో పలుకువారు కొందరు. వినువారికి తేడా వెంటనే తెలియును. సంగీతదర్శకుడు మరల పిలుచుట ఈ తేడా కొరకే గాని బహుమతి కొరకు గాదని మా అభిప్రాయము. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’లోను వారి కంఠము వినబడినది.

2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ చిత్రములో ‘గోదారి గట్టు మీద’ పాటను మధుప్రియ గారు రమణ గోగుల గారితో పాడిరి. సంగీతము భీమ్స్ సిసిరోలియో గారిది. గోగుల గారు 1996లో ‘ఏ లైలా’ అను పాప్ గీతముల సంపుటి వెలువరించి, పిదప ‘తమ్ముడు’, ‘బద్రి’ చిత్రములకు సంగీతము కూర్చినవారు. చాలకాలము సినిమాపాటకు దూరముగానుండి ఈ పాటతో తిరిగి వచ్చిరి. ఆయన గొంతులోని బొంగురుదనము, ఆమె గొంతులోని పల్లెపదును ఒకదానికొకటి ఒదిగినవి.