సముద్రాన్ని జనం ముందుకు తెచ్చిన కుటుంబం

హ్యూలెట్-ప్యాకర్డ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ప్యాకర్డ్, భార్య లూసిల్‌తో కలిసి 1964లో కుటుంబ ఫౌండేషన్‌ను స్థాపించారు. కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో సార్డీన్ చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారం మూతబడిన చోట, ఆ కుటుంబం ఇచ్చిన దాదాపు 5.5 కోట్ల డాలర్లతో లాభాపేక్ష లేని అక్వేరియం 1984లో తెరుచుకుంది. ఆ ఆలోచనలో సముద్ర జీవశాస్త్రం చదివిన కూతుళ్లకూ భాగముంది.

28 అడుగుల ఎత్తైన తొట్టిలో అక్కడ కెల్ప్ అనే సముద్రపు నాచు అడవిలా పెరుగుతుంది. నీళ్లు కదలకపోతే కెల్ప్ బతకదు. అందుకే అలలు పుట్టించే యంత్రాన్ని ప్యాకర్డే స్వయంగా రూపొందించారు. ఇచ్చిన డబ్బుకన్నా ఈ శ్రద్ధే గొప్పది. తొట్లలోకి నీళ్లు పక్కనున్న అఖాతం నుంచే వస్తాయి. రాత్రివేళ వడగట్టరు, వాటితో వచ్చిన సూక్ష్మజీవులూ లోపలే ఎదుగుతాయి. బడిపిల్లల బృందాలకు ప్రవేశం ఉచితం.