గైడు సారు గదిముందు ఆగిపోతున్నారా?

‘‘సారు గదికి పోవాలంటే కాళ్లు వణుకుతున్నయక్కా. పోయి ఏమడగాలె?’’

ఇస్నాపూర్‌లో మా పక్కింటి అమ్మాయి మాట ఇది. బీటెక్ సివిల్ చివరి ఏడాది. తండ్రిది పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ, తల్లి ఓ మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళుతుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లే. ప్రాజెక్టు గైడుతో ఎలా మెలగాలో ఇంట్లో చెప్పేవాళ్లెవరు?

నక్కవాగు పక్కన వాళ్ల అమ్మమ్మ ఊరుంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు ఏళ్ల తరబడి ఆ వాగులో పడి మంజీర దాకా వెళ్లిన సంగతి ఈ ప్రాంతంలో తెలియనిదెవరికి? ఆ ఊరి బోరు నీళ్లు పరీక్షించాలని అమ్మాయి కోరిక. బ్యాచ్‌లోని మిగతా ముగ్గురేమో ‘అమీర్‌పేట పోతే తయారు ప్రాజెక్టే దొరుకుతది, ఎందుకీ తిప్పలు’ అన్నారు. ఈ గుంజాటనలో రెండు నెలలు సారుకు మొహం చూపించలేదు.

ఉత్తచేతులతో వెళ్లొద్దన్నాను. ‘ఏం చేయమంటారు సార్?’ అని నిలబడితే చేతికందిన టైటిల్ ఏదో ఇచ్చి పంపేస్తారు. పాపం, ఆయనకూ క్లాసులు, దిద్దాల్సిన పేపర్లు, ఇంకా నాలుగు బ్యాచ్‌లు! అందుకే ఒక తెల్లకాగితం మీద ఏ ఊళ్లు, ఎన్ని బోర్లు, ఏయే పరీక్షలు అని రాసుకుని, కింద రెండే రెండు ప్రశ్నలు పెట్టుకోమన్నాను.

వెళ్లింది. ముందు చీవాట్లు పడ్డాయి. తర్వాత సారు కాగితం చూసి, పన్నెండు బోర్లను ఆరుకు తగ్గించారు. లోహాల పరీక్ష మన ల్యాబులో కాదు, పీహెచ్, కాఠిన్యం, కరిగిన లవణాలు చాలన్నారు. అదంతా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసి, ఆయన చేతే సంతకం చేయించుకుంది. తర్వాత రివ్యూలో ‘ఆరేమిటి, ఎవరు చెప్పారు?’ అని సారే అడిగితే నోట్‌బుక్ తెరిచి చూపించిందట! నాలుగు దాటితే బస్సు దొరకదని కూడా అప్పుడే చెప్పుకుంది. అంతవరకూ ఆయన నిర్లక్ష్యమనుకున్నారు మరి.

పీహెచ్‌డీ చేసే చెల్లెళ్లకు గైడుతో బంధం ఏళ్ల తరబడి ఉంటుంది. మన కంది ఐఐటీలోనూ ఎందరో అమ్మాయిలు పరిశోధన చేస్తున్నారు. 2022 యూజీసీ నిబంధనల్లో మహిళా స్కాలర్లకు ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తంమీద 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చని ఉంది. గడువులోనూ రెండేళ్ల సడలింపు ఉంది. కడుపుతో ఉన్న సంగతి దాచి, చివర్లో హడావిడి పడటం కన్నా గైడుకు ముందే చెప్పి, కాగితం మీద పెట్టుకోవడం మేలు.

గైడు అంటే గౌరవం ఉండాల్సిందే. కానీ వేళకాని వేళ ఫోన్లు, మాటలో తేడా, ఒంటరిగా రమ్మనడం ఉంటే అది గౌరవించాల్సిన విషయం కాదు. 2013 చట్టం ప్రకారం కాలేజీలోని అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. మార్కులు పోతాయని నోరు కట్టుకోకండి. అమ్మకో, నమ్మకమున్న మేడమ్‌కో ఆరోజే చెప్పండి.

మా పక్కింటి పిల్ల ఇప్పుడు నమూనా సీసాలు కడిగి ఆరబెడుతోంది. బోర్లు చూడటానికి శనివారం బ్యాచ్ మొత్తంతో పాటు సారు కూడా వస్తున్నారట. ‘‘అమ్మమ్మ కోడిని కొయ్యాల్నా అని అడుగుతుంది. సారు తింటడో లేదో... అది కూడా కాగితం మీద రాసుకొని అడగాల్నా అక్కా?’’