ముక్కలుగా వచ్చే ఈతకొలను

ఇంట్లోనే ఈతకొలను ఉంటే పిల్లలకి సంబరమే! గాజుపోగులు, రెజిన్ పొరలుగా పేర్చి చేసే ఫైబర్‌గ్లాస్ తొట్టెలు అందుకు దొరుకుతాయి. కానీ వీధి ఇరుకైతే? మన దేశంలో లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. 3 మీటర్ల తొట్టె ఒకే ముక్కగా రావాలంటే ప్రత్యేక అనుమతి, దించడానికి క్రేను కావాలి. అందుకే ముక్కలుగా తయారుచేస్తున్నారు. ఇంటి దగ్గర అంచులు కలిపి, మధ్యలో రబ్బరు పట్టీ పెట్టి బోల్టులు బిగిస్తారు. కొన్నింటికి అతుకుల మీద మళ్లీ రెజిన్ పొరలు వేస్తారు.

ముక్కలు తేలికే కదా అని డాబా మీద పెట్టించేయకండి. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు నీళ్లంటే 21,600 లీటర్లు. అంటే 21 టన్నుల పైమాటే! ముందు ఇంజినీరుని అడగాల్సిందే.

నేలలో దింపితే బయట మట్టి, లోపల నీళ్లు సమంగా నింపుతూ రావాలి. లేదంటే గోడలు వంగి అతుకులు విడిపోవచ్చు. వానాకాలంలో ఖాళీగా వదిలేస్తే భూమిలో ఊరే నీరు తొట్టెనే పైకి లేపేయగలదు.

అన్నిటికన్నా ముఖ్యం, చుట్టూ కంచె, పిల్లలకి అందని గడియ. ఆ రెండూ అమరాకే నీళ్లు నింపండి!