ఇంటికి తాళం వేసే ముందు

వేసవి సెలవులు మొదలైతే మదనపల్లె బస్టాండులోను, కుప్పం రైల్వే స్టేషనులోను నిలబడడానికి చోటు ఉండదు. కొందరు తిరుపతికి, కొందరు వేళాంగణికి, చాలామంది బెంగుళూరులోని బంధువుల ఇండ్లకు బయలుదేరుతారు. బయలుదేరే ముందు బీరువా తాళం రెండుసార్లు లాగి చూస్తాము. స్నానాల గదిలోని నీళ్ళ డ్రమ్ముకు మూత ఉందా అని చూసేవారు తక్కువ. మేము మొదట అడిగేది దాని గురించే.

మన వైపు నీళ్ళకు ఎప్పుడూ ఇబ్బందే. కొళాయి రోజూ రాదు, ట్యాంకరు నీళ్ళు డబ్బు పెట్టి కొనాలి. అందువలన తిరిగి వచ్చేసరికి ఉంటాయని తొట్టి, డ్రమ్ము నింపి పెట్టి వెళతారు. వారిని తప్పు పట్టలేము. అయితే డెంగ్యూ జ్వరం తెచ్చే ఏడిస్ దోమ మురికి కాలువలో కాదు, ఇటువంటి తేట నీళ్ళలోనే పెరుగుతుంది. ఎండాకాలంలో గుడ్డు దోమగా మారడానికి 7 నుండి 10 రోజులు చాలు. మనము ఊళ్ళో ఉండి వచ్చేది కూడా ఇంచుమించు అన్ని రోజులే!

మా క్వార్టర్సులోనే ఇది జరిగింది. మాలో ఒకరు మే నెలలో పన్నెండు రోజులు సెలవు మీద వెళ్ళి వచ్చి తలుపు తీస్తే, కాళ్ళ మీద తెల్ల చారలున్న దోమలు ఎదురు వచ్చాయి. సగం మూత వేసిన డ్రమ్ములో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఊరందరికీ డెంగ్యూ పాఠం చెప్పే మేము ఆ రోజు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము.

కనుక చిన్న పాత్రలలోని నీళ్ళు చెట్లకు పోసి, లేదా పక్కింటివారికి ఇచ్చి, లోపలి గోడలను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది బోర్లించండి. ఊరికే పారబోస్తే చాలదు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకొని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. సంపు, పెద్ద తొట్టి ఖాళీ చేయలేకపోతే మూత వేసి, దాని కింద సందు లేకుండా గుడ్డ కట్టండి. కూలరు, పూల కుండీల కింది పళ్ళెము, ఫ్రిజ్జు వెనుక నీళ్ళు చేరే ట్రే కూడా చూడండి. మరుగుదొడ్డి మూత వేయండి.

ఫ్రిజ్జు అంటే మరొకటి. మెయిన్ స్విచ్చి ఆపి వెళ్ళేవారు లోపల ఇన్సులిన్ ఉన్న సంగతి మరచిపోతారు. తెరవని సీసా 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. దానిని మీతో తీసుకొని వెళ్ళండి, మంచుగడ్డకు నేరుగా తగలనీయవద్దు. ఆగిపోయిన ఫ్రిజ్జులో రోజుల తరబడి ఉన్న ఇన్సులిన్ చూడడానికి బాగానే ఉంటుంది, పని మాత్రం సరిగా చేయకపోవచ్చు.

ఇక ఇల్లు చూసుకోమని పెద్దవారిని వదలి వెళ్ళడం. పుంగనూరు వైపు నుండి ఒక అవ్వను పక్కింటివారు స్పృహ లేకుండా తీసుకొని వచ్చారు. కొడుకు, కోడలు, పిల్లలు ఊరికి వెళ్ళి నాలుగు రోజులైంది. గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరచింది. "అన్నం తినలేదా అవ్వా?" అని అడిగితే, "ఒక్కదానికి పొయ్యేం ముట్టించేది సిస్టరమ్మా, మాత్ర మాత్రం మానలేదు" అన్నది. షుగరు మాత్ర తప్పకుండా వేసుకోమని కొడుకు చెప్పి వెళ్ళాడు. తిని వేసుకోమని చెప్పలేదు. ఆవుకు మాత్రం వేళకు మేత వేసిందట!

పెద్దవారు ఒంటరిగా ఉంటే రోజూ రెండు పూటలా తలుపు తట్టి చూసే మనిషి ఒకరిని కుదుర్చుకొని వెళ్ళండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, మెలకువగా ఉన్నవారికి వెంటనే చక్కెర నీళ్ళు తాగించాలి. స్పృహ లేని వారి నోటిలో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. కొన్ని మాత్రల వలన షుగరు మళ్ళీ పడిపోతుంది, కనుక తేరుకున్నా ఆస్పత్రికి తీసుకొని రావాలి.

గ్యాసు రెగ్యులేటరు ఆపడం అందరికీ తెలిసినదే. తిరిగి వచ్చినప్పుడు గ్యాసు వాసన వస్తే లైటు వేయకుండా ముందు తలుపులు, కిటికీలు తెరవండి. మూసిన ఇంట్లో పాము, తేలు చేరి ఉండవచ్చు, పరుపులు, చెప్పులు దులిపి వాడండి.

వచ్చిన రెండు వారాలలో ఎవరికైనా జ్వరం వస్తే ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం ఉంటే, జ్వరం తగ్గినా సరే, అదే రోజు రండి. ఓ.పి.లో చీటీ రాసే సిస్టరు అడగకపోయినా, ఏ ఊరికి వెళ్ళి వచ్చారో, ఇల్లు ఎన్ని రోజులు మూసి ఉందో మీరే చెప్పండి.