హీరో ఎందుకు అరుస్తున్నాడు?

హాలీవుడ్‌లో ఒకప్పుడు ఓ కొత్త నటుడుండేవాడు. మంచి అందగాడు. కానీ ఏం లాభం? రెండే రెండు దురలవాట్లు అతగాణ్ణి వీధిన పడేశాయి. ఒకటి - వేళాపాళా లేకుండా అరవడం. రెండోది - మోటారు సైకిలు కనబడితే చాలు, వెంటపడి తరమడం! ఇంటివాళ్ళు భరించలేక ఓ శిక్షకుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అరుపులైతే మాన్పించాడుగానీ మోటారు సైకిళ్ళ పిచ్చిని మాత్రం వదిలించలేకపోయాడు. దాంతో ఇంటివాళ్ళకి విసుగెత్తి, ఇవ్వాల్సిన ఫీజు కింద ఆ నటుణ్ణే జమకట్టేసి చేతులు దులుపుకున్నారు!

ఎవరీ నటుడంటారా? పేరు పాల్. జాతి కోలీ. అవును, కుక్కే! 1943లో వచ్చిన ‘లాసీ కమ్ హోమ్’ చిత్రంలో లాసీగా నటించి ప్రపంచాన్నే ఏడిపించిన కుక్క ఇదే. లాసీ ఆడకుక్క, పాల్ మగకుక్క! మగవాళ్ళు ఆడవేషాలు కట్టి మెప్పించడం మన నాటకాల వాళ్ళకి కొత్త కాదులెండి. ఆ శిక్షకుడి పేరు రడ్ వెదర్‌వాక్స్. తర్వాత 1954 నుంచి 1973 దాకా టీవీలో నడిచిన లాసీ సీరియల్లో పాల్ కొడుకూ, ఆ తర్వాతి తరాలూ నటించాయి. “ఇది బాగుపడదు” అని ఒకరు వదిలేసిన కుక్క, ఒక వంశానికే అన్నం పెట్టిందన్నమాట.

ఈ కథ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే - మా మెట్టుగూడలో, నేను అద్దెకుండే ఇంట్లోనే, అచ్చం ఇలాంటి సీను ఒకటి జరిగింది కాబట్టి.

* * *

కుక్కా? ఇల్లా?

మెట్టుగూడ చౌరస్తా నుంచి ఆలుగడ్డ బావి వైపు వచ్చే సందుల్లో ఒకదాంట్లో మా ఇల్లు. కింద గదిలో నేను. పైన ఓ రైల్వే కుటుంబం. తండ్రికి లాలాగూడ వర్క్‌షాపులో ఉద్యోగం, తల్లి టీచరు, కొడుకు డిగ్రీ విద్యార్థి. నాలుగో సభ్యుడు - లాబ్రడార్. పేరు ‘హీరో’. 2022లో ‘777 చార్లీ’ చూసొచ్చి, వారం తిరక్కుండా కుర్రాడు పట్టుబట్టి తెచ్చుకున్న పిల్ల. మూడేళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టని హీరో, ఓ వేసవి సెలవులయ్యాక ఉన్నట్టుండి విలనైపోయాడు. పొద్దున తొమ్మిదింటికి అందరూ తాళం వేసుకుని వెళ్ళగానే మొదలు... సాయంత్రం దాకా ఒకటే అరుపు. తలుపు గీకుడు. చెప్పులు మాయం.

ఓ ఆదివారం ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చాడు.

“చూడుండ్రి సార్, కుక్కలంటే నాకేం కోపం లేదు. కానీ పొద్దంతా గీ లొల్లి ఎవలు పడ్తరు? నెల దినాలు టైమిస్తున్న. కుక్కనన్న పంపియ్యుండ్రి, లేకుంటే ఇల్లన్న ఖాళీ చెయ్యుండ్రి” అనేసి వెళ్ళిపోయాడు. ఆయన తప్పు కూడా లేదు. పక్కింట్లో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్ళున్నారు.

ఇక సలహాల వర్షం! ముక్కుమీద కొట్టమన్నారొకరు. రెండ్రోజులు కడుపు మాడ్చమన్నారు ఇంకొకరు. డబ్బు తీసుకునే శిక్షకుడొకాయన వచ్చి, “ఇది తనే బాస్ అనుకుంటోంది. లొంగదీయాలి” అని మెడకు ముళ్ళ పట్టీ చూపించాడు. ఇంకొకరైతే ఏకంగా “ఊరవతల వదిలేసి రండి” అన్నారు. కుర్రాడు నా గదికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“అన్నా, హీరోని పంపిస్తే నేను కూడ ఇంట్లుండ” అన్నాడు. మాటవరసకి అన్నట్టు లేదు.

* * *

తెరమీద చార్లీ... ఇంట్లో చార్లీ

కుర్రకారు పాఠకులకు ఇక్కడో మాట చెప్పాలి. సినిమా చూసి కుక్కను కొనడం మన ఒక్క ఊరి జబ్బు కాదు. కుక్కలు ముఖ్యపాత్ర వేసిన సినిమా వచ్చాక ఆ జాతికి గిరాకీ పెరుగుతుందనీ, ఆ ప్రభావం పదేళ్ళ దాకా ఉండొచ్చనీ అమెరికాలోని రిజిస్ట్రేషన్లను లెక్కగట్టి 2014లో పరిశోధకులు తేల్చారు. మన దగ్గర మాత్రం తక్కువా? 2003లో ‘హచ్’ ఫోన్ల ప్రకటనలో పిల్లాడి వెనకాలే తిరిగిన పగ్ గుర్తుందిగా! ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో పగ్‌లు వెలిశాయో!

తెరమీది కుక్క చెప్పినట్టు వింటుందంటే కెమెరా పక్కన నెలల తరబడి దానికి తర్ఫీదిచ్చిన మనిషి నిలబడి ఉంటాడు. మనం టిక్కెట్టు కొన్నది ఆ చివరి రెండు నిమిషాలకి. ఇంటికి తెచ్చుకున్న కుక్కకి శిక్షకుడు, డైరెక్టరు, నిర్మాత - అన్నీ మనమే. ‘చార్లీ’ కథలోనూ ఆ పిల్ల మొదట్లో ఇల్లంతా పీకి పందిరేస్తుంది, గుర్తుందా? అక్కడ మనకు నవ్వొచ్చింది. మనింట్లో జరిగితే కోపమొస్తుంది!

* * *

రహస్య కెమెరా

కుర్రాడి దగ్గరో పాత సెల్‌ఫోను ఉంది. మర్నాడు వెళ్ళేముందు దాన్ని రికార్డింగు పెట్టి టీవీ పక్కన నిలబెట్టమన్నాను. సాయంత్రం నలుగురం కూచుని చూశాం. నిజం చెప్పొద్దూ, ఆ ‘సినిమా’ చూసి ఎవరికీ మాట పెగల్లేదు.

తాళం పడిన చప్పుడు. రెండు నిమిషాలు హీరో తలుపుకేసి చెవులు నిక్కబొడుచుకుని చూశాడు. తర్వాత అటూ ఇటూ నడక. నోట్లోంచి చొంగ. కిటికీ దగ్గరి నవారు మంచం వాసన చూశాడు, మళ్ళీ తలుపు దగ్గరికొచ్చాడు, మళ్ళీ మంచం. అప్పుడు మొదలుపెట్టాడు అరవడం. గిన్నెలో ఇష్టమైన అన్నం, మాంసం అలాగే ఉన్నాయి, మూతి కూడా పెట్టలేదు. చివరికి ఓ చెప్పు తెచ్చుకున్నాడు. కొరకలేదు. గడ్డం కింద పెట్టుకుని పడుకున్నాడు.

“అత్తమ్మ మంచమది” అన్నారు తల్లి మెల్లగా. “ఆమె కాజీపేటకు మా మరిది ఇంటికి పోయి రెండు నెలలాయె, తమ్ముడూ. చిన్నప్పటిసంది వీడు పొద్దంతా ఆమె కాళ్ళకాడనే ఉండె.”

అదీ ఫ్లాష్‌బ్యాక్! బామ్మ ఉన్నన్నాళ్ళూ హీరో ఒక్కపూటన్నా ఒంటరిగా ఉండలేదు. ఒంటరిగా ఉండడం కూడా ఒక విద్య. అది వాడికెవరూ నేర్పలేదు. ఒక్కరోజులో బామ్మ మాయం, పది గంటలు ఖాళీ ఇల్లు. వాడు చేస్తున్నది అల్లరి కాదు, భయం.

అయినా సొంత వైద్యం వద్దని నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్ళారు. ఉన్నట్టుండి గుణం మారిన కుక్కకి ముందు ఒళ్ళు చూపించాలి. చెవిపోటు, పంటినొప్పి, కీళ్ళ నొప్పి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం - ఇవేవైనా మంచి కుక్కను కూడా కసిరేలా చేస్తాయి. హీరోకి అవేం లేవు. వీడియో చూసి డాక్టరుగారు కూడా అదే తేల్చారు - ఒంటరితనపు బెంగ.

* * *

‘బాస్’ కథ, ‘దోషి’ కథ

మరి ఆ ‘బాస్’ సంగతేమిటి? తోడేళ్ళ గుంపులో ఒకటి కొట్లాడి నాయకుడవుతుంది, కుక్కా అంతే - అన్న సిద్ధాంతం ఒకటుండేది. అది జనంలోకి బాగా వెళ్ళడానికి కారణమైన వాటిల్లో డేవిడ్ మెక్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో రాసిన పుస్తకం ఒకటి. ఆయనే తర్వాత అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, గుంపంటే మామూలు సంసారం - అమ్మ, నాన్న, పిల్లలు - అంతేనని 1999లో రాశారు. అసలాయన మాట మార్చుకున్నా మన శిక్షకులు కొందరు ఇంకా మార్చుకోలేదు! భయంతో అరిచే కుక్కను కొడితే ఏమవుతుంది? భయం రెట్టింపవుతుంది.

“కానీ సార్, చెప్పు కొరికి తప్పు తెలిసినట్టు మొహం పెడుతుందిగా?” అంటారు. 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు ఇదే పరీక్షించారు. తప్పు చేసినా చెయ్యకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ ‘దోషి’ మొహం ఎక్కువ కనబడిందట! అంటే అది పశ్చాత్తాపం కాదు, మన కోపాన్ని చూసి పడే బెదురు. పొద్దున చేసినదానికి సాయంత్రం కొడితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే - వీళ్ళు ఇంటికొస్తే దెబ్బలు పడతాయని.

* * *

ఐదు సెకన్ల నుంచి మొదలు

చికిత్స చెబితే నవ్వుతారు. ముందు తాళంచెవులు చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పెట్టేసి కూచోవడం. రోజుకి పదిసార్లు. ఆ చప్పుడు వింటేనే హీరో వణికిపోయేవాడు. నాలుగు రోజులకి పట్టించుకోవడం మానేశాడు. తర్వాత తలుపు బయటికెళ్ళి ఐదు సెకన్లలో లోపలికి. తర్వాత పది, ముప్ఫై, ఒక నిమిషం... వాడు బెంగ పడకముందే వెనక్కి రావాలి, అదీ కీలకం. తొందరపడి ఒకేసారి గంటకు దూకితే కథ మళ్ళీ మొదటికి!

వెళ్ళేటప్పుడు “బంగారం, పోయొస్తా” అని కౌగిలింతలు బంద్. వచ్చాక కూడా ఆర్భాటం లేదు. పొద్దున్నే రైల్వే క్వార్టర్ల వైపు అరగంట నడక - పరుగెత్తించడమే కాదు, చెట్టు చెట్టుకీ వాసన చూసుకోనిస్తూ. కుక్కకి అదే న్యూస్‌పేపరు! వెళ్ళేముందు పాత తువ్వాలు మడతల్లో తిండిగింజలు చుట్టి ఇచ్చేవాళ్ళు. వెతుక్కోవడంలో పది నిమిషాలు గడుస్తాయి.

మరి తర్ఫీదు పూర్తయ్యేదాకా పగలంతా? ఇంటి దగ్గరే కూచుని రాసుకునే బ్రహ్మచారి ఒకడు కింద ఉన్నాడుగా! తొమ్మిదింటికి హీరోని నా గదిలో దింపి వెళ్ళేవారు. అరుపులు ఆగాయి. నెల తిరిగేసరికి ఓనరు వచ్చి, “కుక్కను పంపిచ్చిండ్రా?” అని అడిగితే, హీరో నా కుర్చీ కిందనుంచి తోక ఊపాడు. ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

* * *

మరి మీ ఇంటి హీరో?

పళ్ళు వచ్చే వయసులో - సుమారు మూడు నుంచి ఆరు నెలల మధ్య - పిల్ల చెప్పులు కొరికిందంటే చిగుళ్ళ దురద. తిట్టకండి. చెప్పు దాచేసి, కొరకడానికి పనికొచ్చే బొమ్మ ఇవ్వండి. చుట్టాలమీదికి ఎగిరితే, మోకాలితో తన్నకుండా అటు తిరిగి నిలబడండి. నాలుగు కాళ్ళూ నేలమీద పెట్టగానే మెచ్చుకోండి. నోట్లో ఉన్నది లాక్కోకండి, ఇంకేదైనా మంచిది చూపించి మార్చుకోండి. గుర్రుమంటే కొట్టకండి. అది “దూరంగా ఉండు” అన్న హెచ్చరిక. ఆ హెచ్చరికను మాన్పిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. రోజంతా గొలుసుతో కట్టేసి, “మా కుక్క మహా కోపిష్టిది” అని గొప్పలు పోవద్దు. ఆ కోపం గొలుసుదే.

పిల్లను తెచ్చుకునేవాళ్ళు గుర్తుంచుకోండి - పుట్టిన మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా దాని బుర్ర పచ్చిమట్టి. ఆ రోజుల్లో రకరకాల మనుషుల్ని, ఆటోల్ని, రైలు కూతల్ని మెల్లగా, భయపెట్టకుండా పరిచయం చేస్తే జన్మంతా ధైర్యంగా ఉంటుంది. టీకాల సంగతి డాక్టర్ని అడిగి, ఎత్తుకునైనా తిప్పండి. బోనాలకి, వినాయక నిమజ్జనానికి, దీపావళికి వణికే కుక్కను బయటికి ఈడవకండి. కిటికీలు మూసిన గదిలో రేడియో పెట్టి పక్కన కూచోండి. దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్నది ఉత్తమాట. మరీ తట్టుకోలేకపోతే మందులున్నాయి, డాక్టరే ఇవ్వాలి.

ఎవరినైనా కరిస్తే మాత్రం కారం, సున్నం, పసుపు పూయకండి. పారే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి. రేబిస్ వచ్చాక మందు లేదు, రాకముందే టీకా ఉంది.

ఇక “ఊరవతల వదిలేసి రండి” అన్న పెద్దమనుషులకి - తిండీ నీళ్ళూ లేక అలమటించేలా కుక్కను వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. నిజంగా సాకలేని పరిస్థితి వస్తే, సంరక్షణ సంస్థల్ని అడిగి, ఇంకో ఇల్లు చూసిపెట్టడం మన బాధ్యత. 1992లో నటి అమల మన నగరంలో ప్రారంభించిన ‘బ్లూ క్రాస్’ అలాంటిదే. కొత్తగా కుక్కను పెంచుకోవాలనుకునే అభిమానులు కూడా కొనేముందు ఒకసారి అలాంటిచోట చూడండి.

* * *

ఇంతకీ హీరో పూర్తిగా మారాడా? లేదు. తొమ్మిది వారాలయ్యాక మూడు గంటలు ఒంటరిగా ఉండగలుగుతున్నాడు. అంతకు మించితే ఇప్పటికీ నవారు మంచం చుట్టూ తిరుగుతాడు. వెదర్‌వాక్స్ అంతటివాడు మోటారు సైకిళ్ళ పిచ్చిని పోగొట్టలేకపోయాడు మరి! ఆయన గొప్పదనం కుక్కను మార్చడంలో లేదు, మారని ఆ కాస్తతో సహా ఉంచుకోవడంలో ఉంది.

మొన్న దసరాకి బామ్మ కాజీపేట నుంచి వచ్చారు. వీధి మలుపులో ఆటో దిగారో లేదో, నా కుర్చీ కింద పడుకున్న హీరో లేచి తలుపుకేసి చూసి అరిచాడు. పక్కింటి నైట్ డ్యూటీ ఆయన కిటికీ తెరిచి ఏదో అనబోయి, మెట్లమీద వాణ్ణీ, బామ్మనీ చూసి, మళ్ళీ కిటికీ మూసేసుకున్నాడు.